25 మి.మీ. అంటే ఎంత?

సంపాదకులకు,

బాలానగర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా లేత్ షాపులకు వచ్చే డ్రాయింగుల్లో చాలావాటికి కొలతలు ఉంటాయి, టాలరెన్సులు, అంటే కొలత ఎంతమేర అటూ ఇటూ అయినా చెల్లుతుందో చెప్పే హద్దులు, ఉండవు. జాబ్ (తయారుచేసిన భాగం) తిరిగొస్తే నింద టర్నర్ (లేత్ నడిపేవాడు) మీద పడుతుంది. తప్పు మాత్రం అంతకుముందే, కాగితం మీదే జరిగిపోయి ఉంటుంది.

6205 బేరింగ్ (లోపలి రంధ్రం 25 మి.మీ.) ఎక్కే షాఫ్టునే తీసుకోండి. వ్యాసం 25 అని ఊరికే రాసి, టైటిల్ బ్లాకులో (డ్రాయింగు వివరాలు రాసే గడిలో) ‘ఐఎస్ 2102 మీడియం’ అని పెట్టారనుకుందాం. విడిగా టాలరెన్సు రాయని కొలతలకు వర్తించే భారతీయ ప్రమాణం అది. 6 నుంచి 30 మి.మీ. లోపు కొలతకు ఆ ప్రమాణం ఇచ్చే వెసులుబాటు ±0.2. అంటే 24.80 తీసినా, 25.20 తీసినా టర్నర్ డ్రాయింగు ప్రకారమే చేసినట్టు. 24.80 అయితే లోపలి రేసు (బేరింగు లోపలి రింగు) షాఫ్టు మీద జారుతూ తిరిగి దాన్ని అరగదీస్తుంది, తుప్పు రంగు పొడి రాలుతుంది. 25.20కి బేరింగు ఎక్కనే ఎక్కదు. 25.03 ఉంటే ఇంకా ప్రమాదం: సుత్తితో కొట్టి ఎక్కించేస్తారు, లోపలి రేసు సాగి, బంతుల దగ్గర ఉండాల్సిన 5 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఖాళీ కాస్తా పోతుంది. కొన్ని గంటల్లో బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

మామూలు లోడుతో తిరిగే షాఫ్టుకు అక్కడ రాయాల్సింది 25 కె6 (కె6 అనేది షాఫ్టు కొలత హద్దులు చెప్పే ప్రామాణిక గుర్తు). అంటే 25.002 నుంచి 25.015 దాకా. 13 మైక్రాన్ల ఈ సందును 0.02 మి.మీ. దాకా మాత్రమే చూపే వెర్నియర్‌తో పట్టలేం, మైక్రోమీటర్ కావాలి. ఈ సంగతి తెలియక వెర్నియర్‌తోనే ఓకే చేసే ఇన్‌స్పెక్షన్లూ ఉన్నాయి. అలాగని భయపడి ప్రతి కొలతకూ ±0.01 పెట్టడమూ తప్పే. దేనికీ తగలని భుజానికి (షాఫ్టు మీది మెట్టుకు) కూడా గ్రైండింగ్ ఖర్చు కట్టాల్సి వస్తుంది.

ఇంకో పెద్ద లోపం గొలుసు కొలతలు, అంటే ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి కొలత ఇస్తూ పోవడం. కవర్ ప్లేటు మీద 40 మి.మీ. ఎడంతో వరసగా ఆరు రంధ్రాలు, ప్రతి ఎడానికీ ±0.3. ఐదు ఎడాలు కలిస్తే చివరి రంధ్రం ±1.5 దాకా పక్కకు పోవచ్చు. ఎం8 (8 మి.మీ.) బోల్టుకు 9 మి.మీ. రంధ్రమంటే పక్కకు ఉన్న చోటు 0.5 మాత్రమే. ఇక అసెంబ్లీలో ఆకురాయి పట్టుకోవాల్సిందే. మొదటి రంధ్రం నుంచే 40, 80, 120, 160, 200 అని కొలతలిచ్చి, కవర్‌కూ దాని కింది బేస్‌కూ చెరి ±0.2 రాస్తే తేడా 0.4 దాటదు, బోల్టు దిగుతుంది.

మన ఎండల సంగతీ మరవకూడదు. డ్రాయింగులోని కొలత 20 డిగ్రీల దగ్గరిది. 40 డిగ్రీల షెడ్డులో 100 మి.మీ. అల్యూమినియం జాబ్ 0.046 మేర పెరుగుతుంది, ఉక్కు మైక్రోమీటర్ అందులో సగమే. కాబట్టి మధ్యాహ్నం కొలిస్తే 0.023 ఎక్కువ చూపిస్తుంది.

పాలిటెక్నిక్ అధ్యాపకులకు మా మనవి: గీతల మందం నేర్పడంతో పాటు, విద్యార్థి చేతికి ఒక బేరింగు, ఒక మైక్రోమీటర్ ఇచ్చి, షాఫ్టుకు లిమిట్లు (కనిష్ఠ, గరిష్ఠ కొలతలు) రాయించండి. షాపుల వాళ్లు ఆర్డరు తీసుకునేటప్పుడే ‘ఇది దేంట్లో కూర్చుంటుంది, మీరు దేనితో కొలుస్తారు’ అని అడగాలి. జవాబును ఆ డ్రాయింగు మీదే రాయించి, ఆర్డరిచ్చిన పార్టీ చేత సంతకం పెట్టించుకోవాలి.

– టూల్‌రూమ్ ఇన్‌స్పెక్టర్లు, హైదరాబాద్