ఇంటికొచ్చే కార్యకర్తకు తల్లి కోసం కాస్త టైమ్ ఇవ్వండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

కాన్పయిన ఇంటికి ఆరోగ్య కార్యకర్త వస్తుంది. బిడ్డ బరువు తూస్తుంది, బొడ్డు ఆరిందో లేదో చూస్తుంది, టీకా ఎప్పుడో చెబుతుంది. లేస్తూ లేస్తూ "నువ్వెలా ఉన్నావమ్మా?" అంటుంది. ఇంట్లోవాళ్లంతా అక్కడే ఉంటారు. "బాగానే ఉన్నానండీ" అంటుంది తల్లి. రిజిస్టర్‌లో టిక్కు పడుతుంది. బిడ్డ నిద్రపోయినా ఆమెకు కునుకు పట్టడం లేదనీ, ఏడుస్తుంటే ఎత్తుకోబుద్ధి కావడం లేదనీ రాసుకోవడానికి అందులో గడే లేదు.

కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే డిప్రెషన్ ఉందేమో చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం బిడ్డను కన్నవాళ్లలో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య వస్తుంది, అందులో ఎక్కువ డిప్రెషనే. వర్ధమాన దేశాల్లో అది 20 శాతానికి దగ్గరగా ఉంది. తల దువ్వుకోవడమే భారమైన మనిషిని పసిబిడ్డను చంకనేసుకుని ఆస్పత్రికి వచ్చి క్యూలో నిలబడమంటే వస్తుందా? అందుకే వైద్యమే ఆ గడప తొక్కాలి.

"ఇప్పటికే ఇళ్లకు వెళ్తున్నాం కదా" అని మీ అధికారులు చెబుతారు. దానికి జవాబు పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో దొరికింది. డిప్రెషన్‌తో ఉన్న గర్భిణులను అక్కడ రెండు వర్గాలు చేశారు. రెండు వర్గాల ఇళ్లకూ మహిళా ఆరోగ్య కార్యకర్తలు అన్నే సార్లు వెళ్లారు. తేడా ఒక్కటే: ఒక వర్గానికి వెళ్లినవాళ్లకు తల్లి ఆలోచనలను మెల్లగా దారిలో పెట్టే పద్ధతి నేర్పారు. వాళ్లేమీ సైకాలజిస్టులు కారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ వర్గంలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, మామూలుగా వెళ్లొచ్చిన వర్గంలో 53 శాతం మందికి. 2008లో ఈ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ పద్ధతిని మాన్యువల్‌గా తెచ్చింది. అంటే వెళ్లడం ఒక్కటే చాలదండీ, వెళ్లి ఏం మాట్లాడామన్నదే అసలు సంగతి.

తల్లికి డిప్రెషన్ ఉందేమో గుర్తుపట్టడానికి 1987 నుంచీ ఎడిన్‌బరో ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలే. రోగ నిర్ధారణ కాదు కానీ, ఎవరిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలో చెబుతుంది. చివరిది తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్న ప్రశ్న. దానికి "అవును" అన్న తల్లి గురించి కార్యకర్త అదే రోజు ఎవరికి ఫోన్ చేయాలి? ఆ పేరూ నంబరూ ఖరారు కాకుండా ప్రశ్నావళి పంచితే అది తూతూ మంత్రమే.

దయచేసి దీన్ని ఉన్న రిజిస్టర్ల మీద ఇంకో రిజిస్టర్‌గా మాత్రం దించకండి. కార్యకర్తలు ఇప్పటికే పనిభారంతో నలిగిపోతున్నారు, ఇచ్చేదీ అంతంతమాత్రమే. తల్లితో విడిగా కూర్చోవడానికి కనీసం అరగంట టైమ్ ఇవ్వండి. ఆ అరగంటకు డబ్బు లెక్కగట్టి ఇవ్వండి. అందుకోసం ఏ రిజిస్టర్ తీసేస్తారో కూడా ఉత్తర్వులోనే రాయండి. రోజంతా కష్టాలు విన్న కార్యకర్త తన టెన్షన్ చెప్పుకోవడానికి, సలహా అడగడానికి నెలకోసారైనా అనుభవమున్న సూపర్‌వైజర్ ఉండాలి.

రాబోయే బడ్జెట్‌లో దీనికి విడిగా పద్దు పెడతారా, లేదా? జవాబు కూడా బహిరంగంగానే ఇవ్వమని మనవి.

ఇట్లు,
ఒక తల్లి