సముద్రం లేని ఊరి నుంచి

జమ్మలమడుగు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నీ ఫొటోలన్నీ చూశాను. రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి దాకా సముద్రం పక్కనే సైకిలు తొక్కావంట, సంతోషం. కానీ చివర్లో "మీకెక్కడుందిరా ఇట్లాంటి రోడ్డు" అని ఒక ముక్క తగిలించావు చూడు, అది కడుపులో పెట్టుకుని ఈ పొద్దున మా బామ్మర్ది గేర్ల సైకిలు అడిగి తీసుకుని గండికోటకు బయల్దేరాను.

పండగ పోయింది కదా, ఎండ ఇంకా ముదరలేదు. టిఫిను కారం దోశ. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, అంచులు కరకరమనేలా కాల్చిందా అవ్వ. నీకు అక్కడ దొరకదులే, ఊరికే చెప్తున్నా.

గండికోట మన ఊరికి పదిహేను కిలోమీటర్లే. తొందరేముందని ముందు మైలవరం డ్యాం వైపు తిప్పాను. దారి పొడుగునా నల్లరేగడి, రెండు పక్కలా పప్పుశనగ. ఒక చేను గట్టున దిగి, రైతును అడిగి ఒక కొమ్మ పీక్కున్నా. ఆకు మీద సన్నని నూగు, వేలికి జిగటగా తగులుతుంది. నాలుక మీద పెట్టుకుంటే పుల్లగా జివ్వుమంటుంది. చిన్నప్పుడు మనం కాయల కోసం చేలల్లో దూరి, కాళ్లు మండుతుంటే పెన్నలో కడుక్కునేవాళ్లం, గుర్తుందా? పుల్లటి కాయ ఒలిస్తే లోపల పచ్చి గింజ మాత్రం తియ్యగా ఉండింది.

కట్ట మీద గాలి హాయిగా ఉంది. అలలు లేవు, ఒప్పుకుంటున్నా. ఉప్పు జిడ్డు కూడా లేదు మరి!

ఎగువన గండికోట జలాశయం సంగతి వేరే. 26.85 టీఎంసీలు పట్టే ఆ కడుపులో కృష్ణ నీళ్లు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో వస్తాయి. ఆ నీళ్లు చూస్తే సంబరమే, కానీ మనం కబడ్డీకి పోయిన తాళ్లప్రొద్దుటూరు ఇప్పుడు ఆ నీళ్ల కిందే ఉంది. ఆ ఊరోళ్లు ఎవరైనా కనబడితే ఏం మాట్లాడాలో తోచదు నాకు.

కోట దగ్గర చివరి ఎత్తు గేరు మార్చినా ఎక్కలేదు, దిగి తోసుకుంటూ పోయా. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి కోటను పట్టిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కొండే ఎక్కాడు. ఆయన దగ్గర ముత్యాలుండె, నా దగ్గర సగం సీసా నీళ్లు.

మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం నువ్వు చూసినవే, మళ్లీ వర్ణించను. లోయ అంచున మాత్రం చాలాసేపు కూర్చున్నా. ఎర్రమల కొండను పెన్న నిలువునా కోసుకుంటూ పోయింది కదా, ఆ రాతి గోడలు ఎండలో ముదురు ఎరుపు తిరిగాయి. ఎవరో చదరంగా కొట్టి పేర్చినట్టే ఉంటాయా రాళ్లు. సెల్ఫీల జనం ఎక్కువైపోయారు, అది నాకు నచ్చలేదు. అంచులో కంచె లేని చోట ఒకడు వెనక్కి వెనక్కి జరుగుతుంటే నాకు టెన్షన్ పట్టింది. అరిస్తే ఆగాడు.

ఇంకో మాట. ఈ పెన్న చివరికి నెల్లూరు జిల్లాలో మీ సముద్రంలోనే కలుస్తుంది. అంటే నీ బీచ్ రోడ్డుకు నీళ్లు పంపేవాళ్లలో మేమూ ఉన్నాం, కొంచెం మర్యాదగా మాట్లాడు.

శివరాత్రి లోపల ఒకసారి రా. తర్వాత ఎండలు నీకు తెలియనివి కావు. సైకిళ్లు రెండూ నేను చూస్తా. మా ఆవిడ ఎండు నెత్తళ్లు అడగమంది, భీమిలివైతే మంచివంట. కిలో అన్నా పట్టుకురా, బస్సులో వాసన రాకుండా గట్టిగా కట్టించు.

నీ
సుబ్బడు