నలభై డాలర్ల సముద్రం

ఒరేయ్ శీనూ,

అమ్మకి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. పోయిన నెల మేమిద్దరం బొనేర్ వెళ్ళొచ్చాం. వెనిజులాకి ఉత్తరాన, కరీబియన్ సముద్రంలో డచ్ వాళ్ళ పాలనలో ఉన్న చిన్న దీవి. రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్ళుంటాయి, వాటి మీద ఆ చోటు పేరు. అక్కడ బండి ఆపి నాలుగు బారలు ఈదితే పగడాలే పగడాలు. చిలకచేపలు వాటిని కొరుకుతుంటే నీళ్ళలో కూడా వినపడుతుందిరా, పక్కన ఎవరో చేకోడీలు నములుతున్నట్టు!

అయితే దిగాలంటే ముందు మనిషికి 40 డాలర్లు కట్టాలి. కట్టేటప్పుడు కాస్త ఎక్కువే అనిపించింది. తర్వాత డైవింగ్ షాపు అబ్బాయి కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. చేతులకి గ్లౌజులు వేసుకోకూడదట. గ్లౌజు ఉంటే ధైర్యం వచ్చి దేన్నైనా పట్టుకుంటాం, పట్టుకుంటే పగడం దెబ్బతింటుంది. పడవలు లంగరు వేయకూడదు, అది పడితే ఏళ్ళ తరబడి పెరిగిన పగడం నుగ్గైపోతుంది. అందుకే నీళ్ళ మీద తేలే బుంగల్లాంటి బోయాలు తాళ్ళతో కట్టి ఉంచారు, పడవని వాటికే కట్టాలి. ఆ తాళ్ళు ఎండకీ ఉప్పుకీ చివికిపోతాయి కదా, మారుస్తూ ఉండాలి. కాపలా తిరగాలి. మేం కట్టిన డబ్బు ఆ సముద్రాన్ని కాసే స్టినాపా అనే సంస్థకే వెళ్తుందట. అది విన్నాక నా మనసు కుదుటపడింది.

దీవి చుట్టూ ఉన్న ఆ సముద్రాన్ని 1979లోనే రక్షిత పార్కుగా పెట్టారు, వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ ఇచ్చిన డబ్బుతో. అది కాస్తా అయిపోయాక పార్కు కాగితం మీదే మిగిలింది. 1991లో మళ్ళీ లేవదీసి, 1992 నుంచి డైవింగ్‌కి వచ్చినవాళ్ళ దగ్గర తలా 10 డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. జనం వేరే దీవులకి పోతారేమోనని వ్యాపారస్తుల్లో కొందరికి టెన్షన్. తీరా వచ్చినవాళ్ళని అడిగితే నూటికి 92 మంది సబబే అన్నారు. 80 మంది దాకా 20 డాలర్లయినా ఇస్తామన్నారు! ఇవ్వడానికి జనం వెనకాడర్రా. ఎక్కడికి పోతుందో తెలియనప్పుడే కడుపు మండుతుంది.

డబ్బుతో అన్నీ ఆగవనుకో. 2023లో అక్కడి పగడాలకి ఓ తెగులు పట్టుకుంది, ఒంటిమీద మాంసం ఊడిపోయి తెల్లటి ఎముకలాంటిది మిగులుతుంది. అలాంటిదొకటి కళ్ళారా చూశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మన కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవి గుర్తొచ్చింది. చెక్క దారి మీద నువ్వు ముందు, నేను వెనక. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన తెల్లమడ ఊపిరి వేళ్ళు. మనమూ టికెట్ కొన్నాం, జేబులో వేసుకున్నాం. ఆ డబ్బులో మడ మొక్కకి ఎంత, పడవ నడిపేవాళ్ళకి ఎంత అని అడగాలని మనకే తోచలేదు. తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళకి అడ్డు నిలబడేది ఆ చెట్లేగా. ఈసారి అడుగుదాం. మర్యాదగా, తెలుసుకోవాలనే అడుగుదాం.

డిసెంబరులో వస్తున్నాను. పోటు ఏ వేళకో ముందే కనుక్కుని పెట్టు, ఆటులో వెళ్తే పడవ కదలదు.

నీ
రాంబాబు