మన క్రైస్తవ కథకుల సంఘం, ఒంగోలు: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ వందనాలు.

ఎండలకి ఒక నెల, తుపానుకి ఒక నెల తప్పితే ఈ ఏడాది ప్రతి రెండో శనివారం కూడాం. కావలి, కందుకూరు నుంచి కూడా కొత్తవాళ్లు వస్తున్నారు. జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు కాబట్టి నేను రాత సంగతే చెబుతాను.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "మన కథలు మన పిల్లలే ఎందుకు చదవడం లేదు?" అని అడిగారు. కొందరికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఇంటికెళ్లి నా పాత కథలు నాలుగు తిరగేశాను. అన్నిట్లోనూ తాగుబోతు భర్త, ఏడ్చే భార్య, మూడో పేజీలో ఉజ్జీవ కూటం, ఆఖరి పేరాలో మారుమనసు. పేర్లు తీసేస్తే ఏది ఏ కథో నాకే తెలియలేదు. అందుకే ఈ ఏడు కొత్తవి రాయడం తగ్గించి, ఉన్నవాటిని దిద్దుకుంటూ కూర్చున్నాం.

కొత్తపట్నం వైపు చేపలమ్మే ఆమె కథ ఒకటి వచ్చింది. గంపలు, ఉప్పుగాలి, అంతా బాగుంది. మోకరించగానే ఆమె "ఓ పరమ తండ్రీ, నీ దాసురాలి మొర ఆలకించుము" అంది. రచయిత్రి ఆ పల్లెలో పుట్టిన మనిషే. "మీ అమ్మ ఇట్టానే ప్రార్థన చేసిద్దా?" అని ఎవరో అడిగితే ఆమె నవ్వేసి, "మా అమ్మ అట్టా ఎందుకంటది? 'అయ్యా, పిల్లోడు ఇంకా ఒడ్డుకి రాలా, చూడయ్యా' అంటది" అన్నారు. ఇప్పుడు కథలో ఆ మాటే ఉంది.

పొగాకు కూలీ కథకి బ్యారన్‌లో, అంటే పొగాకు కాల్చే కొట్టంలో, పనిచేసిన సభ్యుడొకరు సాయపడ్డారు. రాత్రంతా పొయ్యి ఆరకుండా కట్టెలు ఎగదోసేవాడు ప్రార్థనకి ఏ వేళ లేస్తాడో ఆయన చెబితేగాని మాకు తట్టలేదు.

ఎక్కువ వాదన జరిగింది కరువు కథ మీద. చరిత్ర మనకి తెలిసిందే. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మాలయ్యాయి. మొదటి రాతలో ఆ అంకె మూడుసార్లు వచ్చింది, మనిషి ముఖం ఒక్కటీ రాలేదు. అసలు కథ అంతకు ముందుంది. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ దొర బాప్తిస్మాలు ఆపేశారు. మరి కాలువగట్టున మట్టితట్ట మోస్తూ, బాప్తిస్మం అడిగి కాదనిపించుకున్నవాడి మాటేమిటి? నేను నమ్మింది దేవుణ్ణా, కూలిడబ్బునా అని వాడికే అనుమానం రాదా? అక్కడినుంచి మళ్లీ రాయమన్నాం. మూడో రాతకి రచయిత విసుక్కుని రెండు నెలలు మీటింగుకే రాలేదు. నాలుగో రాతలో అంకె లేదు. మట్టితట్ట, జావ ముంత, ఆ మనిషి. నా మటుకు ఈ ఏడాది మన పంట అదే.

"సాక్ష్యంతో ముగియకపోతే అది క్రైస్తవ కథ ఎలా అవుతుంది?" అని సభ్యులైన పాస్టరు గారొకరు గట్టిగానే అడిగారు. లూకా సువార్త 15లో తప్పిపోయిన కొడుకు కథ తీసి చూశాం. చిన్నవాడు ఇంటికొచ్చాడు, విందు జరుగుతోంది, పెద్దకొడుకు అలిగి బయటే నిలబడ్డాడు, తండ్రి బతిమాలుతున్నాడు. లోపలికి వెళ్లాడా లేదా? యేసుప్రభువు చెప్పలేదు. పాస్టరు గారు పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, తన కథలో చివరి పేజీ కొట్టేసుకొచ్చారు.

క్రిస్మస్ సంచిక పండగ దాటాక వచ్చింది. ప్రూఫులు నా బల్ల మీదే ఉండిపోయాయి, క్షమించాలి.

వచ్చే నెల అందరూ ఆ పెద్దకొడుకు మీదే రెండు పేజీలు రాసుకురావాలి. ఊరు మాత్రం మనదై ఉండాలి. రెండు కాపీలు తెండి, ఒకటి చదవడానికి, ఒకటి గీతలు పెట్టడానికి.

ఇట్లు,
కార్యదర్శి