పులిహోర ఎందుకు వదిలేశానంటే

ఒరేయ్ బావా,

మొన్న మీ గృహప్రవేశంలో విస్తట్లో పులిహోర ముట్టుకోలేదని చెల్లెమ్మ నొచ్చుకుందన్నావు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. వంట బాగాలేక కాదురా. ఫోన్‌లో చెప్పబోతే గొంతు పట్టేసింది, అందుకే రాస్తున్నా.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడ మీద పడ్డప్పుడు నేను సింగ్‌నగర్‌లో పడవెక్కి పొట్లాలు పంచిన సంగతి నీకు తెలుసు. తెల్లారింది మొదలు చేతులకి పులిహోర నూనె, కింద మురుగునీళ్ల కంపు. ఇప్పటికీ ఎవరింట్లో ఇంగువ పోపు పెట్టినా నాకు ఆ నీళ్లే గుర్తొస్తాయి.

మూడో రోజు సాయంత్రం ఒక మామ్మ మేడ మీంచి తాడుకి బకెట్ కట్టి దించింది. పాలు పోస్తామనుకుందో ఏమో, అందులో ఖాళీ గిన్నె కూడా పెట్టింది. మా దగ్గర ఒక్క పొట్లం మిగల్లేదు. రెండు నీళ్ల సీసాలు వేసి, "రేపు పొద్దున్నే వస్తాం మామ్మా" అన్నాను. మర్నాడు మా పడవని రాజరాజేశ్వరిపేట వైపు పంపారు. ఆ బకెట్ పైకి పోతూ గోడకి టంగుమని తగిలింది. ఆ చప్పుడు నెలల తరబడి అర్ధరాత్రి వినపడేదిరా.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మీ అక్క ఏదన్నా అడిగితే కసురుకునేవాణ్ని. మాతో తిరిగిన ఒక కుర్రాడి ఇల్లు పాయకాపురంలో నీళ్లలోనే ఉంది. వాళ్లమ్మని బంధువులింట్లో దింపి వచ్చి పొట్లాలు అందిస్తున్నాడు. "నువ్వెళ్లి అమ్మ దగ్గరుండరా" అని మాలో ఒక్కరమూ అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నీళ్లు తీశాక మమ్మల్ని పిలిచి శాలువాలు కప్పారు. నిద్ర పడుతోందా అని అడిగింది మాత్రం ఒకే ఒక్క పెద్దాయన. 1977 దివిసీమ ఉప్పెనప్పుడు శవాలు మోసిన మనిషి. "అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదబ్బాయ్" అన్నాడు. పక్కనే కూర్చుని నాచేత 14416కి ఫోన్ చేయించాడు. టెలి మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ఫోన్ లైను, ప్రభుత్వానిదే. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడతారు. అవతలావిడ ఓపిగ్గా అంతా విని, "ఆ రోజు మొత్తం ఎన్ని పొట్లాలు పంచారు?" అని అడిగింది. లెక్కేస్తే రెండొందల పైనే. నాకేమో ఆ ఒక్క ఖాళీ బకెట్టే గుర్తుంది. ఆ మాట నోటితో అంటుంటే ఏడుపొచ్చింది. అలాంటివి చూశాక నిద్ర చెదరడం, కోపం రావడం చాలామందికి ఉంటుందనీ, వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టర్ని కలవాలనీ చెప్పింది. తగ్గలేదు, కలిశాను. ఇప్పుడు నిద్ర పడుతోంది.

తుపాను సహాయ బృందంలో పేరిచ్చానన్నావు కదా, అందుకే ఇదంతా చెప్తున్నా. ఒంటరిగా తిరగకు, జంటగా వెళ్లండి. రెండ్రోజులు చేస్తే మూడో రోజు ఇంట్లో పడుకో. నువ్వు పడుకున్న రోజు ఇంకొకడు వెళ్తాడు. ముఖ్యంగా ఎవరికీ "రేపు నేనొస్తా" అని మాటివ్వకు. "మీ ఇల్లు రాసుకున్నాం" అని చెప్పు, నిజంగానే రాసుకో, రాత్రికి ఆ కాగితం తర్వాతి బ్యాచ్ చేతిలో పెట్టు. నేను రాసి ఇచ్చుంటే మామ్మ గిన్నె నిండేది. సాయంత్రం టీ దగ్గర అందరూ ఒక పావుగంట కూర్చుని ఎవరికేం బాధనిపించిందో చెప్పుకోండి. టెన్షన్ సగం అక్కడే దిగుతుంది.

పోయిన నెల ధైర్యం చేసి ఆ వీధికి వెళ్లాను. ఇల్లు తాళం వేసి ఉంది. గోడ మీద నీటి చార ఇంకా పోలేదు. గుండె ఝల్లుమంది. పక్కింటామెని అడిగితే, మామ్మ కూతురి దగ్గర ఉందనీ, బాగానే తిరుగుతోందనీ, దసరాకి వస్తుందనీ చెప్పింది. నువ్వూ పండక్కి బెజవాడ రా బావా. ఒక్కణ్నే వెళ్లలేను.

ఉంటాను. చెల్లెమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు.

నీ బావ