మొక్క పిలిస్తే వచ్చే మిత్రపురుగులు

సంపాదకులకు,

పురుగు కనబడగానే మందు కొట్టాలనే తొందర మన పొలాల్లో ఎక్కువ. మొక్క తనంతట తాను చేసే పోరాటం గురించి రైతుకు ఎవరు చెబుతున్నారు? అమెరికాలోని యూటా ఎడారిలో అడవి పొగాకుపై ఆండ్రే కెస్లర్, ఇయాన్ బాల్డ్‌విన్ చేసిన పరిశోధన 2001లో వెలువడింది. పురుగులు ఆకు కొరికితే ఈ మొక్క గాలిలోకి ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. ఆ వాసన పట్టుకుని జియోకోరిస్ అనే చిన్న మిత్రపురుగు వచ్చి, గొంగళిపురుగు గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. ఇలా మొక్కను తినే పురుగులు 90 శాతానికి పైగా తగ్గవచ్చని వారు తేల్చారు. ఎంత గొప్ప ఏర్పాటు! ఈ జాతి మిత్రపురుగులు మన పత్తి చేలలోనూ ఉన్నాయి. విచక్షణ లేకుండా కొట్టే మందు వాటినీ చంపేస్తుంది. పొలంబడిలో అధికారులు మిత్రపురుగులను చేలోనే చూపించి, గుర్తుపట్టడం నేర్పాలి.

– ఒక పాఠకురాలు, ఒంగోలు