మా మామ్మ కిటికీ రెక్క ఎక్కడుందో చెప్పండి (మీకు రాస్తున్న ఆరో మెయిల్)

కస్టమర్ కేర్ వాళ్ళకి, మీ పైన మేనేజర్ ఎవరైనా ఉంటే వాళ్ళకి,

నమస్తే అండి. ఇంతకుముందు రాసిన ఐదు మెయిల్స్‌కీ ఒకటే జవాబు వచ్చింది, "మీ ఫిర్యాదు మాకు ముఖ్యం" అని. అదీ నేను పంపిన నిమిషంలోపే వచ్చింది, అంటే మనిషెవరూ చదవలేదనేగా. అందుకే ఈసారి మొదటి నుంచి అంతా రాస్తున్నా, పెద్దగా ఉంటుంది, అయినా దయచేసి చివరిదాకా చదవండి.

అంబాజీపేట దగ్గర మా తాతయ్య కట్టిన మండువా ఇల్లు పోయిన వేసవిలో పడగొట్టేశారు. వాటాలు తేలక పదేళ్ళు తాళం వేసి ఉంచాం, పెంకులు జారిపోయి, వాసాలకి చెద పట్టి ఇక లాభం లేదన్నారు. పాత కలప కొనేవాళ్ళు తలుపులు, దూలాలు లారీలో ఎక్కిస్తుంటే నేను ఒక్క కిటికీ కోసం పట్టుబట్టి ఆపించా. వసారాలో వంటింటి పక్కనుండే కిటికీ అది. రంగూన్ టేకు అని తాతయ్య గర్వంగా చెప్పేవారు, ఆ కాలంలో కాకినాడ నుంచి రంగూన్‌కి ఓడలు తిరిగేవి కదా. 1996 నవంబర్ 6 తుఫానుకి మా కొబ్బరిచెట్లు సగం కూలిపోయాయి, వసారా పెంకులు ఎగిరిపోయాయి, ఆ కిటికీ మాత్రం చెక్కుచెదరలేదు. దాని ఎడమ రెక్క లోపలి వైపు మామ్మ మేకుతో గీసుకున్న పాల లెక్క ఉంటుంది. సోల పాలకి ఒక నిలువు గీత, నెలాఖరుకి డబ్బులిచ్చేశాక వాటి మీద అడ్డంగా ఒక గీత. ఆవిడకి చదువు రాదు. ఆవిడ చేత్తో రాసింది అంటూ మాకు మిగిలింది ఆ గీతలొక్కటే.

దాన్ని గోడకి పెట్టుకునేలా చేసిమ్మని మీకిచ్చా. ఎందుకు మీకే ఇచ్చానంటే రెండేళ్ళ కింద మీ దగ్గరే పాత గుమ్మం చెక్కతో చేసిన అద్దం ఫ్రేమ్ కొన్నా, చాలా బాగా చేశారు, మా ఆడపడుచుకి, ఆఫీసులో ఇంకో ఇద్దరికి నేనే చెప్పి మీ దగ్గర కొనిపించా. ఆ నమ్మకంతోనే 18,500 మొత్తం ముందే కట్టేశా. తీసుకెళ్ళడానికి వచ్చిన అబ్బాయికి ఆ గీతలు చూపించి, ఆర్డర్ కాగితం మీద నా చేత్తో రాశా, "ఎడమ రెక్క లోపలివైపు రాపిడి పెట్టొద్దు" అని. ఫొటో కూడా తీసి పెట్టుకున్నా.

నెలన్నరకి కిటికీ వచ్చింది. ఎడమ రెక్క మాది కాదు. చట్రం మాదే, కుడి రెక్క మాదే, ఎడమది వేరే ఎవరిదో, బందులు కూడా పాత గుర్తుల్లో కూర్చోలేదు. పని బాలేదని రాయడం లేదండి, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. ఆ తర్వాత మీరు నన్ను ఎలా తిప్పారో దాని గురించి రాస్తున్నా.

మొదటి రోజు ఫోన్ చేస్తే ఒకమ్మాయి చాలా మర్యాదగా టికెట్ నంబర్ ఇచ్చి 48 గంటల్లో ఫోన్ వస్తుందంది. నాలుగు రోజులు చూశా, రాలేదు. మళ్ళీ నేనే చేస్తే ఇంకొకాయన, ఆయనకి తెలుగు రాదట, హైదరాబాద్‌లో ఉన్న కంపెనీకి ఫోన్ చేసి నాకొచ్చిన హిందీలో రెక్క అంటే ఏంటో, గీతలు అంటే ఏంటో ఇరవై నిమిషాలు చెప్పా, అంతా విని "ప్రొడక్ట్ కోడ్ చెప్పండి" అన్నాడు. అది మా ఇంటి కిటికీ అండి, దానికి కోడ్ ఎక్కడినుంచి వస్తుంది? కోడ్ లేకపోతే కంప్లైంట్ తీసుకోవడం కుదరదని ఫోన్ పెట్టేశాడు. మూడోసారి వాట్సాప్‌లో ఫొటోలు పంపమన్నారు, పంపా. రెండ్రోజులకి వేరే నంబర్ నుంచి మళ్ళీ ఫొటోలు పంపమన్నారు, పంపా. అలా నాలుగుసార్లు అవే ఫొటోలు. పాత పెయింట్‌లో సీసం ఉంటుంది కదా, ఇంట్లో చంటిపిల్లాడున్నాడు, ఊడగొట్టేటప్పుడు తడిపి రుద్దారా లేక పొడిగానే రుద్దేశారా, దుమ్ము మొత్తం తుడిచారా అని కూడా రెండుసార్లు అడిగా, దానికి అవును కాదు అని కూడా చెప్పలేదు.

తర్వాత సీనియర్ అని ఒకావిడ చేసింది. హమ్మయ్య అనుకున్నా. ఆవిడ "మేడమ్, సేమ్ డిజైన్ పాత రెక్క ఇంకోటుంది, ఫ్రీగా మార్చేస్తాం" అంది. నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు. పాత రెక్క కావాలంటే బజార్లో దొరుకుతుందండి, నాకు కావాల్సింది మా మామ్మ గీతలున్న రెక్క అని చెప్తుంటే ఏడుపొచ్చేసింది, ఆవిడ లైన్ హోల్డ్‌లో పెట్టింది, పదకొండు నిమిషాలు పాట విన్నా, తర్వాత కట్ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే మెసేజ్, "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకి రేటింగ్ ఇవ్వండి" అని. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

చివరికి డెలివరీ చీటీ మీదున్న వర్క్‌షాప్ నంబర్‌కి చేశా. అక్కడి వడ్రంగి మేస్త్రి ఒక్కడే నాకు నిజం చెప్పాడు, "ఆ వారం చాలా కిటికీలు ఒక్కసారే వచ్చాయమ్మా, రెక్కలన్నీ విప్పి రంగు ఊడగొట్టడానికి ఒకేచోట పేర్చాం, చీటీలు కట్టలేదు" అని. ఆయన నాకు సారీ చెప్పాడు. ఇంతమందిలో సారీ అన్న మనిషి ఆయనొక్కడే, కాబట్టి ఈ మెయిల్ చూసి ఆయన్ని ఏమైనా అన్నారంటే మాత్రం నేను ఊరుకోను.

ఆయన చెప్పిందే నిజమైతే మా రెక్క ఇంకెవరి గోడకో ఉంది, లేదా మీ షెడ్‌లోనే ఏ మూలో పడుంది. ఆ వారం డెలివరీ చేసిన ఆర్డర్లు మీ కంప్యూటర్లోనే ఉంటాయి కదా, వాళ్ళందరికీ ఫోన్ చేసి ఒక్క మాట అడగండి, రెక్క వెనకాల గీతలున్నాయా అని. ఇదేం పెద్ద పనండి? ఆ గీతలు కూడా రుద్దేసి ఉంటే ఆ మాటైనా చెప్పండి, వింటాను, ఏడుస్తాను, కానీ తెలియకుండా ఉండలేకపోతున్నా. డబ్బులు వాపసు ఇస్తారో లేదో తర్వాత చూద్దాం, ముందు రెక్క.

మీ వెబ్‌సైట్‌లోనే ఆర్డర్ పెట్టా కాబట్టి ఇంకో మాట. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను మొదటి ఫోన్ చేసి రెండు నెలల పైనే అయింది. వచ్చే సోమవారం దాకా చూస్తా, ఆ తర్వాత కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేస్తా. నేనుండే చోటే వేయొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదని కనుక్కున్నా. మీ దగ్గర కొనమని నేను చెప్పిన ముగ్గురికీ ఇదంతా కూడా నేనే చెప్తా.

ఆర్డర్ కాగితం, గీతల ఫొటో, కాల్స్ లిస్ట్ కింద జత చేశా. మళ్ళీ ఫొటోలు పంపమని మాత్రం అడగొద్దు. తెలుగు వచ్చిన మనిషితో ఫోన్ చేయించండి, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా ఎత్తుతా.

ఇట్లు,
మీ పాత కస్టమర్